కొత్తది వచ్చేదాకా ఆగండి

నేను ఒక లాప్‌టాప్‌ని. పాతదాన్ని. ఎంత పాతదాన్నంటే, మీరు నా బటన్ నొక్కి స్నానం చేసి వచ్చినా నేనింకా నిద్రమత్తులోనే ఉంటాను. నవ్వకండి. నా కథలో ఒక అమ్మాయి బతుకుతెరువు ఉంది, ఒక పెద్దమనిషి అబద్ధం ఉంది, ఒక చావు కూడా ఉంది. చచ్చింది నేనే.

సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో, ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒకమ్మాయి నాకు ఆఖరి స్క్రూ బిగించింది. నా మొహమైనా చూడలేదు. అప్పటికే ఆమె చెయ్యి నా వెనకదాని మీద ఉంది. మా జాతి తలరాత అంతే. మేము తయారయ్యేసరికే అందరి చూపూ తరవాత రాబోయేదాని మీద ఉంటుంది.

పెట్టె తెరిచేసరికి కాకినాడలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో ఉన్నాను. అక్కడ పాఠాలు చెప్పే మాస్టారు భీమశంకరం. ఊరి పిల్లలందరూ నా మీదే టైపింగ్ నేర్చుకున్నారు. ఒక ప్రేమికుడు నా మూత మీద గోటితో ఒక పేరు గీకి, నెల తిరక్కుండానే దాన్ని చెరపలేక నానా తంటాలు పడ్డాడు. కొన్నేళ్ళకు ఆ కేంద్రం మూతపడింది. కుర్చీలూ ఫ్యాన్లూ తలా ఒకటి పట్టుకెళ్ళారు. నన్నెవరూ అడగలేదు. భీమశంకరం గారు నన్ను చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారు.

ఇల్లంటే మేడ మీద ఒక గది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. పొద్దున ఒక కాలేజీలో పాఠం చెప్పి వచ్చి, వండుకుని తిని, నా ముందు కూర్చునేవారు. ఆ గదిలో మాట్లాడే వస్తువు ఫోన్ ఒక్కటే. అది కూడా ఎప్పుడో గానీ నోరు విప్పేది కాదు.

ఆయన చుట్టాలంతా ఉప్పాడలో చేనేతవాళ్ళు. వాళ్ళలో ఒక పద్ధతి పాతుకుపోయింది. భీమశంకరం చెప్పందే ఎవరూ కంప్యూటర్ కొనరు. దుకాణంవాడు గొంతు చించుకున్నా సరే, "మావోడొకడున్నాడండి, ఆణ్ణడిగొస్తాం" అని లేచి వచ్చేస్తారు. ఇంటికొచ్చి ఫోన్ చేస్తారు. మొదట్లో ఆయన ఫలానాది కొనమని సూటిగా చెప్పేవారు. వాళ్ళు కొనేవారు. అంతటితో ఫోన్ మళ్ళీ మూగబోయేది.

ఒకసారి మాత్రం, కొత్త ప్రాసెసర్ వస్తోందని, అంటే మా బుర్ర అన్నమాట, అది వచ్చేదాకా ఆగమని, వరసకు బావమరిది అయ్యే ఒకతనికి చెప్పారు. అది నిజమే. ఆ బావమరిది వారం వారం ఫోన్ చేశాడు. "వచ్చిందా బావా?" అని మొదలుపెట్టి, పక్కింటివాళ్ళ గొడవా, కొడుకు మార్కులూ దాటి, ఆ పూట తిన్న రొయ్యల కూర దాకా వెళ్ళేవాడు. ప్రాసెసర్ వచ్చేసరికి మూఢం వచ్చింది. మూఢంలో కొత్త వస్తువు కొనరు. మూఢం పోయేసరికి ఇంకో ప్రాసెసర్ కబురొచ్చింది. ఆ ఏడాదంతా మా గదిలో మనుషుల గొంతు వినిపించింది.

భీమశంకరం గారికి ఒక సంగతి బోధపడింది. కొన్నవాళ్ళు ఫోన్ చెయ్యరు. ఆగినవాళ్ళు చేస్తారు. అప్పట్నించీ ఆయన సలహా ఒక్కటే. ఆగండి.

దానివల్ల ఎవరికీ పెద్ద నష్టం జరగలేదు. సత్యవేణి ఫోన్ చేసేదాకా.

"మావయ్యా, ఉప్పాడ నుంచి సత్యవేణిని. గుర్తున్నానా?"

ఆయనకు అక్క వరసయ్యే ఆవిడ కూతురు. జాందానీ చీర మీదికి పువ్వులు గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపి గీస్తుంది, మగ్గం మీద నేస్తుంది.

"హైదరాబాద్‌లో చీరల కంపెనీ ఒకటి, ఇంటి దగ్గరుండే డిజైన్లు గీసేవాళ్ళని తీసుకుంటోందంట. పరీక్ష పెడతారంట. సొంత లాప్‌టాప్ ఉండాలంట. ఏది కొనమంటావ్?"

"ఇప్పుడేం తొందరమ్మా? పరీక్షెప్పుడు?"

"చవితి వెళ్ళాక. ఇది తప్పితే నాకు దారి లేదు మావయ్యా. నా నడుం పోయింది. మగ్గం గుంటలో కూర్చుంటే ఇక లేవవని డాక్టరు చెప్పేశాడు. నాన్నేమో నువ్వు చెప్తే గానీ కదలనంటాడు."

ఆయన నోటికి అలవాటైన మాటే వచ్చింది. "చవితికి ముందే కొత్త ప్రాసెసర్ వస్తోంది. కాస్త ఆగు."

ఆమె రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. "ఏం తిన్నావ్? మళ్ళీ పెరుగన్నమేనా? నీకంటే మా గేదె నయం, రోజుకో గడ్డి తింటుంది." ఆయన పగలబడి నవ్వేవారు. గడ్డం గీసుకోవడం మొదలుపెట్టారు. ఫోన్‌లో కనిపించదని తెలిసీ, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవారు.

ఒకరోజు నా తెర మీదే ఆయన ఆ వార్త చదివారు. ఆ ప్రాసెసర్ ఇప్పట్లో రాదు. ఉగాది తరవాతే. నా మూత మెల్లగా దించారు. సాయంత్రం ఫోన్ మోగింది.

"వచ్చిందా మావయ్యా?"

"వచ్చేస్తోంది. ఇంకొక్క వారం."

నేను చెయ్యగలిగింది ఒక్కటే. నా ఫ్యాను అరిచేంత గట్టిగా తిప్పాను. "దీనికేం మాయరోగం" అని ఆయన నా నెత్తిన ఒకటిచ్చారు.

చవితి వెళ్ళింది. పరీక్ష రోజు పొద్దున తలుపు చప్పుడైంది. గుమ్మంలో సత్యవేణి, ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో కారియర్ పట్టుకుని.

"ఇక ఆగలేను మావయ్యా. సాయంత్రం ఐదులోగా పంపాలి. నీ దాని మీదే గీసేస్తాను."

"ఇదా? ఇది పాతదమ్మా, ఆ పని దీని వల్ల కాదు."

"మరి కొత్తదేది? నా మొహం చూసి చెప్పు. ఎప్పుడొస్తుంది?"

ఫోన్‌లో అబద్ధం తేలిక. ఎదురుగా, ఉప్పాడ నుంచి బస్సులో నడుంనొప్పితో వచ్చిన పిల్ల ముందు కష్టం. ఆయన కారియర్ వైపు చూస్తూ అన్నారు.

"ఉగాది తరవాత. నాకు ముందే తెలుసు."

"తెలిసి ఎందుకు ఆగమన్నావ్?"

"కొన్నవాళ్ళెవరూ మళ్ళీ ఫోన్ చెయ్యలేదమ్మా."

సత్యవేణి తిట్టలేదు, ఏడవలేదు. వచ్చి నా ముందు కూర్చుంది. మూత తెరిచింది.

నా బతుకులో నన్ను అంత అవసరంగా ఎవరూ చూడలేదు. నా బ్యాటరీ ఎప్పుడో పోయింది. చార్జరు పిన్ను వదులు, కాస్త కదిలితే ఆరిపోతాను. భీమశంకరం గారు నేల మీద మోకాళ్ళు వేసి ఆ పిన్నును పట్టుకున్నారు. వేడెక్కుతుంటే నన్ను రెండు స్టీలు గిన్నెల మీద ఎత్తిపెట్టి, టేబుల్ ఫ్యాను నా వైపు తిప్పారు. కారియర్ మూత ఎవరూ తియ్యలేదు. నాలుగు రేకుల పువ్వు ఒకటి నా తెర మీద గడి గడిగా విచ్చుకుంది. పక్కన ఆకులు. ఆకుల మధ్య చిలకలు. ప్రతి చిలకకీ నా లోపల ఏదో ఒకటి మాడుతూనే ఉంది. ఒకసారి తెర గడ్డకట్టింది. సత్యవేణి వేళ్ళు గాల్లో ఆగిపోయాయి. భీమశంకరం గారు పిన్నును ఇంకా గట్టిగా అదిమిపట్టారు. చచ్చేదాన్నే. ఆ పువ్వును సగంలో వదిలిపోవడం ఇష్టంలేక మళ్ళీ కదిలాను.

ఐదు కొట్టేలోపు డిజైన్ వెళ్ళింది. వెళ్ళినట్టు తెర మీద కనబడింది. ఆ తరవాత కాలిన వాసన వచ్చింది. నాకు కనబడ్డ ఆఖరి వెలుగు అదే.

చీకట్లో మాటలు మాత్రం వినిపించాయి. సత్యవేణి చెప్పులు వేసుకుంటోంది.

"కూర ఉంది, తిను. మావయ్యా, ఒకటి చెప్పనా? ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలని కూర్చుంటావ్. నీకూ ఫోనుందిగా. నువ్వెప్పుడైనా చేశావా?"

ఆమె మెట్లు దిగిపోయింది.

సత్యవేణికి ఉద్యోగం వచ్చిందని ఆయనకు ఆ బావమరిది చెప్పాడు. ఎవర్నీ అడక్కుండా లాప్‌టాప్ కొనుక్కుందని కూడా చెప్పాడు. సాయంత్రాలు ఫోన్ మోగడం ఆగిపోయింది.

ఇప్పుడు నేను మీరావలీ రిపేరు కొట్టులో ఉన్నాను. పైఅరలో, విడిభాగాల మధ్య. ఊడదీసిన నా తెర ఇంకెవరి ఒళ్ళోనో వెలుగుతోంది. భీమశంకరం గారు వారానికోసారి వస్తారు.

"పార్ట్ వచ్చిందా వలీ?"

"దారిలో ఉందండి. ఇంకో వారం ఆగండి. టీ తాగుతారా?"

నా పార్ట్ తయారవడం ఏనాడో ఆగిపోయింది. ఆ సంగతి ఈ ఊళ్ళో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయనే. అయినా టీ తాగి, కాసేపు కబుర్లాడి వెళ్ళేవారు. నిన్న మాత్రం గ్లాసు కింద పెట్టి అడిగారు.

"అది రాదని నీకూ తెలుసు. ఎందుకయ్యా ఆగమంటావ్?"

మీరావలీ స్క్రూడ్రైవర్ తుడుస్తూ నవ్వాడు. "రాదంటే మీరు మళ్ళీ ఎందుకొస్తారు సార్? పొద్దస్తమానం ఈ డబ్బాలతో ఏం మాట్లాడను?"

ఆయన జేబులోంచి ఫోన్ తీశారు. తరవాత లేచి కొట్టు మెట్ల మీదికి వెళ్ళారు. అంకెలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. అటువైపు మోగుతోంది. మోగుతూనే ఉంది. చివరికి ఎత్తారు.

"సత్యవేణీ, మావయ్యని. ఏం లేదమ్మా. ఊరికే చేశాను."

ఆ తరవాత రోడ్డు మీద లారీ ఏదో పోయింది. మిగతాది నాకు వినబడలేదు.