అత్తగారి అతుకులో బొమ్మ

పొద్దున్న ఏడింటికి ఓడల కర్మాగారం సైరన్ మోగేసరికి అత్తాకోడళ్ళిద్దరూ హెల్మెట్లు చంకన పెట్టుకుని గేటు దగ్గర వరుసలో ఉండేవారు. అత్త ముందు, కోడలు వెనక. ఇంట్లో ఒకటే స్నానాల గది కావడంతో ఆ వరుస అక్కడే మొదలయ్యేది. కొడుకు, అంటే కోడలి మొగుడు, అదే కర్మాగారంలో పెద్ద క్రేను నడిపేవాడు. అందరికంటే ముందే వెళ్ళి, నేలకి నలభై మీటర్ల ఎత్తున ఉండే గాజుగదిలో కూర్చునేవాడు. ఆ ఇద్దరి మధ్యా బతకాలంటే ఆమాత్రం ఎత్తు ఉండాల్లే అని తోటివాళ్ళు అనేవారు.

ఆ కర్మాగారంలో యుద్ధనౌకలు కట్టేవారు. బయట రేవులో క్షిపణుల నౌక ఒకటి బూడిదరంగు పూయించుకుంటూ ఉండేది. అత్తాకోడళ్ళ పని మాత్రం లోపలి షెడ్డులో, జలాంతర్గామి మీద. షెడ్డులో దాన్ని ఎవరూ అంత పెద్ద పేరుతో పిలవరు. పడవ అంటారు, అంతే. ఉక్కు రింగుల్ని ఒకదానికొకటి వెల్డింగు చేసి కలిపితే పడవ ఒళ్ళు తయారవుతుంది. ఆ అతుకులో వెంట్రుకంత సందు మిగిలినా చాలు, లోతుకి దిగాక నీళ్ళు దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. అందుకే ప్రతి అతుకు పక్కనా వేసినవాళ్ళ నంబరు గుద్దుతారు. ప్రతి అతుకునీ ఎక్స్‌రే తీస్తారు. అత్త నంబరు తొమ్మిది. ముప్పై రెండేళ్ళుగా ఆ నంబరు సముద్రాల అడుగున తిరుగుతోంది. కోడలి నంబరు రెండువందల పద్నాలుగు.

ఎక్స్‌రే ఫిలింలు చూసే ఆయన్ని అందరూ లైటు మాస్టారు అనేవారు. పొద్దస్తమానం వెలిగే గాజుబల్ల ముందు కూర్చుని, భూతద్దం కంటికి ఆనించి, చూసింది చూసినట్టు రిజిస్టర్లో రాయడం ఆయన ఉద్యోగం. కోడలి ఫిలింలలో అతుకు తెల్లగా, తీగ లాగినట్టు ఉండేది. దాని పక్కనే, ఆ అతుకు వేస్తున్నప్పుడు ఆమె మనసులో ఏముందో అది కూడా లీలగా పడేది. మాస్టారు అదీ రాసేవాడు.

'పదిహేడో అతుకు. నంబరు 214. లోపం లేదు. ఎడమ అంచున కిటికీ, ఆరేసిన దుప్పటి.'

'ఇరవై రెండో అతుకు. నంబరు 214. లోపం లేదు. మగమనిషి, నిద్రలో, నోరు తెరుచుకుని.'

నౌకాదళం నుంచి తనిఖీకి వచ్చే అధికారులు ఆ లైన్లు చదివి, 'లోపం లేదు' అన్నచోట టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయేవారు. ఒకసారి మాత్రం షెడ్డంతా వారం రోజులు నవ్వింది. ఆ వారం మాస్టారు రాసింది ఇది: 'పెద్దవయసు స్త్రీ, చేతిలో గరిటె, చాలా కోపంగా.' అత్త భోజనాల వేళ తీరిగ్గా వచ్చి, భూతద్దం అడిగి తీసుకుని, ఆ ఫిలింని అటూ ఇటూ చూసింది.

"నా ముక్కు మరీ ఇంత పొడుగా మాస్టారూ?" అంది. కోడలి వంక చూడనైనా చూడలేదు.

అత్త ఫిలింలలో అతుకు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ముప్పై రెండేళ్ళలో ఒక్క మరక కూడా పడలేదు. "ధ్యాస పని మీద ఉంటే బొమ్మలెందుకు పడతాయి?" అనేది ఆవిడ. కోడలికి ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. తనకి పని నేర్పింది అత్తే. వెల్డింగు కడ్డీ పట్టుకోవడం, ఊపిరి బిగబట్టడం, మంట రంగు చూసి ఉక్కు వేడెంతో చెప్పడం, అన్నీ. తొమ్మిదేళ్ళలో అత్త నోటి వెంట వచ్చిన పెద్ద మెప్పు "పరవాలేదు". అది కూడా రెండుసార్లే. అత్త రిటైరవడానికి ఇక నెల ఉంది. తర్వాతి పడవకి పెద్ద వెల్డరు ఎవరో చెప్పమని మేనేజరు మూడుసార్లు అడిగినా ఆవిడ నోరు విప్పలేదు. ఇది చూసి చూసి కోడలు స్టోర్సు విభాగానికి మార్చమని దరఖాస్తు పెట్టుకుంది. మొగుడికి చెప్పింది కానీ అత్తకి చెప్పలేదు.

ఆ సమయంలోనే అరవై ఒకటో అతుకు వచ్చింది.

ఆరు టార్పెడో గొట్టాలున్న ముక్కు భాగాన్ని పడవ ఒంటికి కలిపే అతుకు అది. గొట్టాల వెనక, నెత్తి మీద, చెయ్యి తిరగని సందులో వెయ్యాలి. అక్కడ ఇద్దరే పడతారు. ఒకరు వెల్లకిలా పడుకుని తలకి పైన వెల్డింగు చేస్తుంటే, రెండో మనిషి కాళ్ళ దగ్గర కూర్చుని ఉక్కు చల్లారకుండా వేడి చూసుకోవాలి.

"మీకు పోయినేడు కంటి ఆపరేషన్ అయింది కదమ్మా," అన్నాడు మేనేజరు, మెల్లగా.

"డాక్టరు కాగితం ఇచ్చాడు. చదివారు కదా?"

"చదివాను..."

"అయితే మీ కళ్ళు బాగున్నట్టే. నావీ బాగున్నాయి," అని అత్త ముసుగు దించేసుకుంది.

నాలుగు రోజులు పట్టింది. అత్త అతుకు వేసింది, కోడలు వేడి చూసుకుంది. ఆ సందులో వాళ్ళు మాట్లాడుకున్నవి రెండే రెండు ముక్కలు. "వేడెంత?" "సరిగ్గా ఉందత్తయ్యా." నాలుగో రోజు మధ్యాహ్నం అత్త మోకాళ్ళ మీద బయటికొచ్చి, సుత్తి తీసుకుని అతుకు పక్కన తొమ్మిది గుద్దింది.

మర్నాడు మొదటి ఫిలిం గాజుబల్ల మీదికొచ్చింది. మాస్టారు 'అరవై ఒకటో అతుకు. నంబరు 9. లోపం లేదు' అని రాసి, కలం ఆపేశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అతుకు పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. మెడ నుంచి మోకాళ్ళ దాకా కనిపిస్తోంది. తల భాగం పక్క ఫిలింలోకి వెళ్ళిపోయింది, అది ఇంకా కడగలేదు. ఆయన కలానికి మూత పెట్టబోయాడు. కానీ చూసింది రాయకుండా ఉండడం ఆయనకి చేతకాదు. 'ఒక స్త్రీ, పని దుస్తుల్లో' అని రాశాడు.

గంటలో మేనేజరు అత్తాకోడళ్ళిద్దరినీ పిలిపించాడు.

"బొమ్మలు పడేది ఎవరి అతుకుల్లోనో ఈ షెడ్డులో అందరికీ తెలుసు," అన్నాడు. కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "అమ్మా, కన్ను ఆనకపోతే ఆనలేదని చెప్పాల్సింది. కోడలి చేత వేయించి మీ నంబరు గుద్దుతారా? ఇది వంటింటి తలుపు కాదు, పడవ."

"నేనే వేశాను," అంది అత్త.

"అత్తయ్యే వేశారు సార్. నేను కాళ్ళ దగ్గరున్నాను," అంది కోడలు.

"మరి ఆ బొమ్మేమిటి?"

 అబద్ధపు నంబరు అని తేలితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. అతుకు కోసేసి మళ్ళీ వెయ్యాలి. పడవ సముద్రం మొహం చూడడానికి ఇంకో ఆరు నెలలు పడుతుంది. రెండో ఫిలిం వచ్చేదాకా ఇద్దరి నంబరు గుద్దే అచ్చులూ మేనేజరు సొరుగులో పెట్టి తాళం వేశాడు.

ఆ రోజు మధ్యాహ్నమే ఇద్దరూ ఇంటికొచ్చేశారు. పట్టపగలు ఇంట్లో ఉండడం ఇద్దరికీ కొత్త. అత్త కిటికీ రెక్కకి నూనె రాసింది. తర్వాత బాగానే ఉన్న కుర్చీకి మేకు కొట్టింది. కోడలు ఉండబట్టలేక అడిగేసింది.

"అత్తయ్యా, అతుకు వేస్తున్నప్పుడు ఏమాలోచించారు?"

"ఏముంది ఆలోచించడానికి? దోమతెర చిరిగింది, కుట్టాలి అనుకున్నాను."

"ఫిలింలో ఉన్నది దోమతెర కాదుట."

"అయితే మాస్టారికి చత్వారం ముదిరింది," అని అత్త ఇంకో మేకు తీసుకుంది.

కొడుకు ఇంటికొచ్చి ఇద్దరి మొహాలూ చూసి, కాళ్ళు కడుక్కోకుండానే కూలబడ్డాడు. "అమ్మా, నిజం చెప్పు. నువ్వే వేశావా?"

అత్త సుత్తి కింద పెట్టింది. "ముప్పై రెండేళ్ళు. ఇరవై పడవలు. ఒక్కో పడవలో నలభై మంది. వాళ్ళంతా నా నంబరు చూసి నిద్రపోతున్నారు రా. వాళ్ళకి అబద్ధం చెబుతానా?"

కొడుకు లేచి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

రెండో రోజు పదకొండింటికి కబురొచ్చింది. గదిలో మేనేజరు, మాస్టారు ఉన్నారు. మాస్టారు రెండు ఫిలింలనీ అంచుకి అంచు కలిపి గాజుబల్ల మీద పరిచి దీపం వేశాడు.

బొమ్మకి తల వచ్చింది. కోడలు! ఇప్పటికంటే తొమ్మిదేళ్ళు చిన్నది. ముసుగు నెత్తి మీదికి ఎత్తి ఉంది. నవ్వు ఆపుకుంటోంది కానీ ఆగడం లేదు. ముక్కు మీద బొట్టంత మసి.

కోడలికి ఒక్కసారిగా గుర్తొచ్చింది. తలకి పైన వేసే వెల్డింగు పరీక్ష పాసైన రోజు అది. పాసయ్యానని తెలిసి పరీక్ష గదిలోంచి పరిగెత్తుకుంటూ వస్తే, గుమ్మంలో అత్త నిలబడి ఉంది. ఏమంటుందో అని ఆశగా చూస్తే, "ముక్కు మీద మసి తుడుచుకో," అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మొగుడి దగ్గర ఏడ్చింది కూడా.

"ఇంకేం కావాలి? నీ బొమ్మే," అన్నాడు మేనేజరు, నీరసంగా. "నిన్ను నువ్వే తలుచుకున్నావు."

"నా ముక్కు మీద మసి నాకెలా కనిపిస్తుంది సార్?"

మేనేజరు ఫిలిం మీదికి వంగాడు. "అద్దంలో చూసుకుని ఉండొచ్చు."

"అద్దంలో కాదండీ," అన్నాడు మాస్టారు. ఫిలిం అంచున అతుకు నంబరు తెలిపే సీసం అక్షరాలు చూపించాడు. "ఇవి తిన్నగా ఉన్నాయి, అంటే ఫిలిం సరిగ్గానే పరిచాను. హెల్మెట్ మీద చూడండి, రెండువందల పద్నాలుగు, అదీ తిన్నగానే ఉంది. అద్దంలో అయితే తిరగబడేది. ఇది ఎదురుగా నిలబడ్డ మనిషి చూసిన చూపు. ఆ మనిషి ఎంత మురిసిపోతూ చూసిందో చూడండి. మసి మరక కూడా ముత్యంలా పడింది."

 కోడలు బల్ల అంచు పట్టుకుంది. తొమ్మిదేళ్ళు తాను ఎదురుచూసిన మాట అక్కడ తెల్లగా వెలుగుతోంది. అత్త మాత్రం కిటికీలోంచి క్రేను వైపు చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

"నాలుగు రోజులు కాళ్ళ దగ్గర కూర్చుంది," అంది చివరికి, ఎవరితోనో అన్నట్టు. "ఒక్క డిగ్రీ తేడా రానివ్వలేదు. ఆఖరి గీత వేస్తుంటే ఎందుకో ఆ రోజు గుర్తొచ్చింది. వయసు మీద పడితే ధ్యాస చెదురుతుంది."

"చెదిరినా అతుకులో లోపం లేదమ్మా," అన్నాడు మాస్టారు.

మేనేజరు సొరుగు తీసి అచ్చులు రెండూ బల్ల మీద పెట్టాడు. అత్త అచ్చు ఇస్తున్నప్పుడు లేచి నిలబడ్డాడు. "క్షమించండి," అన్నాడు. తర్వాత కోడలి దరఖాస్తు బయటికి తీసి, "మరి ఈ స్టోర్సు సంగతి?" అని అడిగాడు.

అత్త గిర్రున తిరిగింది. "స్టోర్సేమిటి? ఎవరు వెళ్తున్నారు స్టోర్సుకి?"

కోడలు తల దించుకుంది.

"మీరేమో తర్వాతి పడవకి పెద్ద వెల్డరు ఎవరో చెప్పడం లేదాయె," అన్నాడు మేనేజరు.

"ఫిలింలో చెప్పేశాను కదండీ! మళ్ళీ నోటితో కూడా చెప్పాలా?"

మాస్టారు భూతద్దం వెనక మొహం దాచుకున్నాడు. మేనేజరు ఆ కాగితాన్ని అడ్డంగా చింపేశాడు.

ఇరవై రెండో పడవ పనులు ఆ నెలాఖరున మొదలయ్యాయి. మొదటి రింగు దగ్గర రెండువందల పద్నాలుగో నంబరు నిలబడింది, ఆమె వెనక పదహారుమంది వెల్డర్లు. అత్త రిటైరయి ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అనడమే గానీ, ఇంట్లో మేకు కొట్టని కుర్చీ మిగల్లేదు.

నాలుగు నెలలకి ఆ ఇరవై ఒకటో పడవ మొదటిసారి పూర్తి లోతుకి దిగింది. అతుకులు వేసినవాళ్ళు కూడా దాంట్లో దిగాలన్నది ఆ కర్మాగారం కట్టుబాటు. అత్తాకోడళ్ళిద్దరూ టార్పెడో గొట్టాల వెనక, అరవై ఒకటో అతుకు కింద నిలబడ్డారు. కెప్టెన్ గొంతు స్పీకర్లో లోతు చెబుతోంది. నూరు మీటర్లు. రెండువందలు. ఉక్కు ఒళ్ళు విరుచుకున్నట్టు చప్పుడు చేసింది. ఒక కుర్ర నావికుడు ఉలిక్కిపడి పైకి చూశాడు.

"అది మూలుగు కాదు బాబూ, సర్దుకుంటోంది," అంది అత్త.

మూడువందలు. అక్కడ ఆగి, మందుగుండు లేని టార్పెడోని వదిలారు. నాలుగో గొట్టం దభీమని తన్నింది, పడవంతా ఒక్కసారి వెనక్కి ఊగింది. నీళ్ళలో చప్పుళ్ళు వినే సోనార్ దగ్గర కూర్చున్న ఆమె, అది దూసుకుపోతున్న చప్పుడు వినిపిస్తోందని కేకేసి చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. అత్త జేబులోంచి తెల్ల రుమాలు తీసి, మునివేళ్ళ మీద లేచి, అతుకు పొడుగునా తుడిచింది. రుమాలు పొడిగా ఉంది. కోడలికి అందించింది. కోడలు తడిమి చూసి, అప్పుడే అక్కడికి వచ్చిన కెప్టెన్‌కి అందించింది.

కెప్టెన్ పడవ పుస్తకం తెచ్చాడు. మొదటిసారి పూర్తి లోతుకి దిగిన రోజు, పడవ కట్టినవాళ్ళ చేత అందులో సంతకం పెట్టిస్తారు. అత్త పెట్టింది. ఈలోగా పడవ పైకి తిరిగింది. నేల ఏటవాలైంది, పుస్తకం జారిపోబోయింది, కోడలి చేతిలో కలం వంకర తిరిగింది.

"తర్వాత పెడతానత్తయ్యా, గీత వంకరపోతోంది."

"వంకరపోతే పోనీ. ఇక్కడ ఎక్స్‌రే ఎవరూ తియ్యరు." అత్త ఒక చేత్తో గొట్టాన్ని పట్టుకుని, రెండో చేత్తో పుస్తకాన్ని తన పొట్టకి ఆనించి గట్టిగా నొక్కి పట్టింది. "ఊఁ, కానీ. పట్టుకున్నాను."