నమూనా సూది

తూనికలు, కొలతల శాఖలో ముప్పై ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ తక్కెడాయన అనేవారు. పొద్దున లేవగానే ఆయన చేసే మొదటి పని గోడ గడియారాన్ని చేతి గడియారంతో పోల్చడం, తర్వాత ఆ రెంటినీ రేడియోతో పోల్చడం. రేడియోను దేనితో పోల్చాలో తెలియక రోజూ అక్కడ మాత్రం కాస్త దిగులుపడేవాడు. ఆ తర్వాత భార్య తెచ్చిన కూరగాయలు మళ్ళీ తూచేవాడు. ఇంతాచేసి కొట్టువాడి మీద కోపమేమీ లేదు, అనుమానించకపోతే ఆయనకి రోజు మొదలైనట్టుండదు, అంతే.

భార్య బయటికెళ్తే వెళ్ళేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి గడియారం చూసేవాడు. మూలకొట్టుకి పోయి రావడానికి పన్నెండు నిమిషాలు, నీకు పంతొమ్మిది ఎందుకు పట్టిందనేవాడు. ఆ ఏడు నిమిషాలకీ ఆవిడ మొదట్లో సంజాయిషీ చెప్పేది. కొన్నాళ్ళకి నవ్వి ఊరుకునేది. ఆ తర్వాత నవ్వడం కూడా మానేసింది. మొన్నామధ్య అక్కకి ఆపరేషనైతే నాలుగు రోజులు సాయం వెళ్ళింది. ఈయన ఆసుపత్రికి ఫోను చేసి, ఫలానా ఆవిడ నిజంగా అక్కడే ఉందా అని నర్సుని అడిగాడు. నర్సు ఆ సంగతి తిన్నగా ఆవిడ చెవినే వేసింది. తిరిగొచ్చాక ఆవిడ ఒక్క మాట అనలేదు. అనకపోవడమేమిటా అని తక్కెడాయన దాన్నీ అనుమానించాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్ళని ఉద్యోగమంతా పట్టుకున్న మనిషి, చివరికి తన భుజం తనే తడుముకోలేని స్థితికొచ్చాడు. కుడిచెయ్యి పైకి లేవదు. మందులయ్యాయి, కాపడాలయ్యాయి. ఇక లాభంలేక కరెంటు సామాన్ల కొట్టు మీద రెండు గదుల్లో ఆక్యుపంక్చర్ వైద్యం చేసే సూదులావిడ దగ్గరికి వెళ్ళాడు. లోపలి గదిలో మూడు మంచాలు, గుమ్మానికి పల్చటి కర్టెను, ఆ పక్కన రెండు కుర్చీలు. సూదులావిడ సన్నటి గొట్టంలోంచి సూదిని వేలితో టప్పున తట్టేది, రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా తిప్పేది, "బరువుగా ఉందా? తిమ్మిరిగా ఉందా?" అని అడిగేది. గాలానికి చేప తగిలినట్టు వేళ్ళకి చిన్న లాగుడు తెలిసేది. పట్టింది అనేది అప్పుడు. సూది చుట్టూ చర్మం ఎర్రబడేది. ఒకళ్ళు సూది పడగానే గురకపెట్టేవారు, ఒకళ్ళ కడుపు గుర్రుమనేది, ఇంకొకళ్ళు కారణం తెలియకుండా ఏడ్చి, తేలికపడి ఇంటికెళ్ళేవారు.

తక్కెడాయన ముందు సూదుల పొట్లం మీద తేదీ చదివాడు. పొట్లం వెలుతురుకి పెట్టి చూశాడు. అప్పటికీ తృప్తి కలగక, నమూనా పరీక్ష కావాలన్నాడు.

"నమూనా ఎవరికి వెయ్యమంటారు బాబాయిగారూ?" అంది సూదులావిడ.

"మా ఆవిడకి వెయ్యి."

కాబట్టి వెళ్ళినప్పుడల్లా బయట కుర్చీలో కూర్చున్న భార్యకి, ఏ జబ్బూ లేని మనిషికి, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ముందుగా ఒక సూది పడేది. ఈయన ఐదు నిమిషాలు ఆ చేతినే పరీక్షగా చూసి, అప్పుడు లోపలికెళ్ళి పడుకునేవాడు. వైద్యమయ్యాక భార్య చేతి సూది వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చేసేది.

ఐదోసారి వెళ్ళినప్పుడు జరిగింది అసలు సంగతి. తక్కెడాయన కుడిచేతికి అదే చోట సూది పడింది, పట్టింది. సరిగ్గా అప్పుడే కర్టెను అవతల భార్య, పక్క కుర్చీలో తన వంతుకోసం కూర్చున్న తమ వీధి టైలరమ్మతో మెల్లగా ఏదో అని నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో విని ఎన్నేళ్ళయిందో. మాటలు అందలేదు. అందుకుందామని ఈయన తల ఎత్తి అటు తిరిగాడు. అంతే, వైద్యమయ్యాక తక్కిన సూదులన్నీ వచ్చాయి, చేతిది మాత్రం రాలేదు. ఉడుంపట్టు పట్టింది. సూదులావిడ బలవంతంగా లాగలేదు. చుట్టూ వేలితో నిమిరి, కాసేపు ఆగి, ముల్లుని ముల్లుతోనే తియ్యాలంటూ అంగుళం దూరంలో ఇంకో సూది వేసింది. రెండోది బుద్ధిగా వచ్చేసింది, మొదటిది అక్కడే ఉండిపోయింది. మీ ఒంటికి వదలాలని లేదు, వదిలినప్పుడే తీస్తానని చెప్పి ఇంటికి పంపేసింది.

అలా మూడు వారాలు తక్కెడాయన చేతిలో సూదితోనే తిరిగాడు. వీధిలో దానికెవరూ ఆశ్చర్యపోలేదు. జలుబు తగ్గిందా అన్నట్టు "ఇంకా వదల్లేదా?" అని పలకరించేవారు. మంగలి సూదికి తగలకుండా వేరే వైపు నిలబడి పని కానిచ్చేవాడు. చిత్రమేమిటంటే భుజం నొప్పి చాలామటుకు తగ్గింది. కానీ ఆ చేత్తో కలం పట్టలేడు, చొక్కా బొత్తాలు పెట్టుకోలేడు. రోజూ భార్యే పెట్టేది. బొత్తాలు పెడుతున్నంతసేపూ ఈయన అడిగేవాడు, ఆ రోజు దేనికి నవ్వావని. గుర్తులేదనేది. టైలరమ్మ దుకాణానికెళ్ళి అడిగాడు. ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ కలిసే దాస్తున్నారని రూఢి చేసుకున్నాడు. సూది కోసం సోదికెళ్తే ఏదో బయటపడిందని సామెత ఉంది. రెండో సగం మర్యాదగా ఉండదు గనక వదిలేద్దాం, తక్కెడాయన మటుకు రోజూ దాన్నే తల్చుకునేవాడు.

ఒకరోజు చెప్పులకోసం వంగితే మంచం కింద సంచీ కనబడింది. ఒక్క చేత్తో జిప్పు లాగాడు. భార్య చీరలు, రెండో కళ్ళజోడు, ఆవిడ పుట్టింటివాళ్ళ ఫొటో. నాలుగు రోజుల ప్రయాణానికి ఎవరూ ఫొటో పట్టుకెళ్ళరు. జిప్పు మళ్ళీ మూసేశాడు. ఏడు నిమిషాలకి వంద ప్రశ్నలు వేసే మనిషి దీని గురించి ఒక్కటీ అడగలేకపోయాడు. అడిగితే ఈసారి ఆవిడ జవాబు చెప్పేస్తుందని భయం వేసింది. తనకి బొత్తాలు పెట్టే దిక్కులేకనే ఇన్నాళ్ళూ ఆగిందని అర్థమైంది. మర్నాడు బొత్తాలు పెడుతుంటే ఆవిడ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు.

ఆ వారం సూదులావిడ అడగవలసిన ప్రశ్న అడిగింది. "సూది పట్టాక మీరేమైనా కదిలారా బాబాయిగారూ?"

కదలలేదనబోయాడు. తప్పుడు కొలత చెప్పడం అలవాటులేని నోరు. తల ఎత్తానన్నాడు. ఎందుకని అడిగితే, నవ్వు వినబడిందన్నాడు.

"ముందే చెప్పొద్దూ? సూది పట్టినప్పుడు మనిషి ఎలా ఉన్నాడో మళ్ళీ అలాగే ఉంటే ఒళ్ళు వదిలేస్తుంది. ఏం విన్నాడో అదీ వినాలి."

సరేనని అన్నీ ఆ రోజులాగే అమర్చారు. టైలరమ్మని పిలిపించి అదే కుర్చీలో కూర్చోబెట్టారు. భార్య ఎడమచేతికి నమూనా సూది పడింది. తక్కెడాయన అదే మంచం మీద పడుకుని, తల ఎత్తి కర్టెను వైపు తిరిగాడు. ఆ రోజు అన్న మాటే అనండి పిన్నిగారూ అంది సూదులావిడ.

అవతల కుర్చీ కిర్రుమంది. టైలరమ్మ ఏ కాస్తయినా సాయం చేద్దామని దగ్గింది.

"ఈయన భుజం నయమవగానే మా అక్క దగ్గరికి వెళ్ళిపోతానండీ" అంది భార్య. "మళ్ళీ రాను. అక్కడ ఏడు నిమిషాలు ఆలస్యమైతే ఎవరూ అడగరు."

ఆ రోజు నవ్విన చోట ఈసారి నవ్వలేదు. కానీ మాటలు అవే. తక్కెడాయన చెవి అందుకోలేకపోయిన మాటలు ఆయన చెయ్యి ఆనాడే వినేసిందన్నమాట.

ఎప్పుడనుకున్నావు, ఎవరితో అనుకున్నావు, అక్క రమ్మందా, అన్నీ గొంతుదాకా వచ్చాయి. ఆయన వాటిని ఒక్కొక్కటే మింగాడు. ఏడుపొచ్చింది, దాన్ని మాత్రం మింగలేదు.

"వెళ్ళు" అన్నాడు. "నేను అడగను."

సూది దానంతటదే జారి పళ్ళెంలో పడింది. సూదులావిడ దాన్ని డబ్బాలో వేసి, దూది పెట్టి, కర్టెను తీసి భార్య దగ్గరికెళ్ళింది. నమూనా సూదిని పట్టుకుని మెల్లగా లాగింది. మళ్ళీ లాగింది. చుట్టూ నిమిరి చూసింది.

"మీరు కదిలారా పిన్నిగారూ?"

"లేదమ్మా. ఊరికే కూర్చున్నాను. ఆయన ఆ మాట అన్నప్పుడు..." అని ఆవిడ తన చేతికేసి చూసుకుని ఆగిపోయింది.

"దీనికీ అదే పద్ధతి. ఈ కుర్చీలోనే కూర్చోవాలి, ఆ మాటే వినాలి. తొందరేం లేదు, వీలైనప్పుడు రండి."

మర్నాడు ఉదయం తక్కెడాయన సంచీ కుడిచేత్తో పట్టుకుని బస్టాండుకి వచ్చాడు. చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నాడు, ఒకటి తప్పుడు కన్నంలో పడింది. భార్య అది చూసింది, సరిచెయ్యకుండానే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఈయన కింద నిలబడ్డాడు. కండక్టరు వచ్చాడు. ఆవిడ అక్క ఊరి పేరు చెప్పి ఎడమచెయ్యి చాపింది. కండక్టరు ఆ చేతిలోని సూదిని ఒకసారి చూశాడు, మరేమీ అడగలేదు. పుస్తకంలోంచి టికెట్లు చించాడు.

రెండు చప్పుళ్ళు వినబడ్డాయి తక్కెడాయనకి. ముప్పై ఏళ్ళ అనుభవం, చెవి పొరబడదు. ఆవిడ ఆ రెండింటినీ, పోవడానికొకటీ రావడానికొకటీ, ఒకసారి చూసి, వద్దనకుండా మడిచి పర్సులో పెట్టుకుంది.

రెండోది దేనికి అన్న ప్రశ్న నాలుక చివర దాకా వచ్చింది. బస్సు కదిలింది. ఆయన అలవాటుకొద్దీ మణికట్టు ఎత్తి టైము చూడబోయి, చొక్కా చెయ్యి గడియారం మీదకి లాక్కుని, ఇంటివైపు నడిచాడు.