ఏడో గుంట

పసుపు తవ్వుతుంటే నా గునపానికి ఆ పతకం తగిలింది. మట్టి ముద్దలా ఉంది. బంగారమని తెలిశాక అలాగే తీసుకెళ్లి దేవుడి ముందు ఎలా పెడతాం? చేతిపంపు దగ్గర ఒక్కదాన్నే కూర్చుని, కుంకుడు రసంతో, పాత పళ్ల బ్రష్షుతో శుభ్రంగా కడిగాను. తంటా అక్కడే వచ్చింది. పతకం మీద రాళ్లు పొదిగే గుంటలు ఏడుంటే ఆరింట్లోనే ఎర్ర రాళ్లున్నాయి.

మర్నాడు మా మరిది సుబ్బారావు, తోడికోడలు నాగజ్యోతి దాన్ని రేపల్లె తీసుకెళ్లి తాసిల్దారుకు అప్పగించారు. ఏడో రాయి ఏదని అడిగారట. "కడిగింది అక్క గదండీ, అక్కనే అడగండి" అందట నాగజ్యోతి. ఊరికి ఆ మాట చాలు. విచారణకని తెనాలి ఎన్నిసార్లు తిరిగానో. ప్రతిసారీ అదే ప్రశ్న, నాదీ అదే జవాబు. ఒకే వంటింట్లో తింటూ నేనూ నాగజ్యోతీ మాటలు మానేశాం. కూర గిన్నె నా వైపు జరిపేది గానీ అక్కా అని పిలిచేది కాదు.

ఎండలు ముదిరాక బాపట్ల రమ్మన్నారు. రాళ్లు పరీక్షించే మేడమ్ హైదరాబాదు నుంచి వచ్చింది. పేరు శ్రుతి. సాక్షిగా నాగజ్యోతినీ పిలిచారు.

శ్రుతిగారు రాళ్లు ఊడదీయలేదు. పతకం మీదికి ఏవో కిరణాలు పంపితే కంప్యూటరులో గీతలు లేచాయి. అవి కెంపులు కావట, గార్నెట్లనే వేరే ఎర్ర రాళ్లట. మెరుపు కోసం కింద పల్చటి బంగారు రేకు పరిచారట. నాకవేవీ పట్టలేదు. కుంకుడు రసంతో కడిగానంటే ఆవిడ నిట్టూర్చింది. ఆ మట్టే చాలా సంగతులు చెప్పేదట. ఇక నా పనైపోయిందనుకున్నాను.

చివరికి ఖాళీ గుంటను మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు చూసి, నన్నూ చూడమంది. అడుగున రేకు మీద సున్నంలా గట్టి పెచ్చు కట్టి ఉంది. బ్రష్షుకు ఊడేది కాదది.

"రాయి ఉంటే అక్కడ ఇది పేరుకోదమ్మా. ఎప్పుడో వందల ఏళ్ల కిందట, నేలలో ఉన్నప్పుడే ఊడిపోయింది."

"ఆ మాట ఈమెకు చెప్పండి" అన్నాను.

నాగజ్యోతి ఒక కన్ను మూసుకుని మైక్రోస్కోపులోకి చూసింది.

తిరుగు బస్సులో నాకు కిటికీ పక్క సీటు ఇచ్చింది. తప్పయిందంటుందేమోనని చూశాను. రేపల్లె దగ్గరపడుతుండగా నెమ్మదిగా నా వైపు వంగింది.

"అక్కా, అయితే ఆ రాయి మన చేలోనే ఉండుంటుందిగా? రేపు జల్లెడ తీసుకెళ్దామా?"

ఇన్ని నెలలకు విన్న పిలుపు అది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు నాకు.

"వెళ్దాం. దొరికితే మాత్రం ఈసారి నువ్వే కడుగు" అని కళ్లు మూసుకున్నాను.