జీవితకాలం బీమా

ఆ ఉదయం ఆకాశం తడిసిన గోనెపట్టాలా కిందికి వేలాడుతోంది. వాన కురిసిందీ లేదు, వెలిసిందీ లేదు. అలాంటి పొద్దున కాలిన మోటారు మోసుకుని ఎవరొస్తారు? రాగితీగ చుట్టే ఆ కొట్లో బావా బావమరుదులిద్దరూ వెనకగదిలో చెరో కంప్యూటరు ముందు కూర్చుని ఆటలోకి దిగారు.

ఆటలో ఇద్దరికీ చెరో అంతరిక్ష నౌక. బావమరిది ఆట పుట్టిన కొత్తల్లో చేరాడు. అప్పుడు చేరినవాళ్ళకి నౌకతోపాటు జీవితకాలం ఇన్సూరెన్స్ ఊరికే ఇచ్చారు. ఎన్నిసార్లు పేలినా నౌక తిరిగొస్తుంది. ఆలస్యంగా చేరిన బావ మాత్రం గడువు తీరినప్పుడల్లా కట్టుకోవాలి. మరిచిపోయాడా, సరిగ్గా అప్పుడే ఎవడో ఒకడు పేల్చిపోతాడు.

కొట్లోనూ అంతే. కొట్టు బావది, పేరు బావమరిదిది. కాలిన మోటారు మూత తీసి వాడు వాసన చూశాడంటే, తప్పు చుట్టినవాడిదో వాడినవాడిదో చెప్పేస్తాడు. వచ్చినవాళ్ళు గల్లాపెట్టె దగ్గరున్న బావని దాటి లోపలికి తొంగిచూసి, "ఆయన లేడా?" అంటారు. బావ ఇంటావిడా తన తమ్ముడి ముక్కు గురించే చెప్పుకుని మురిసిపోతుంది. వింటున్న ప్రతిసారీ బావకి ఒళ్ళు మండుతుంది.

సరుకు నింపుకుని బావమరిది నౌక ముందు పోతోంది. కాపలాగా బావ వెనక.

"కొత్త ఇంజను చూశావా బావా? తుమ్మేలోపు చుక్క దాటేస్తుంది. ఎన్నాళ్ళు తిరిగితే దొరికిందో!"

"నీకేంరా, దొరబాబువి. పేలినా పోయేదేముంది?"

"మరి! జీవితకాలం!" వాడు కాళ్ళు బార్లా చాపి నవ్వాడు.

ఆ నవ్వే బావకి గిట్టలేదు. ఎలాగూ తిరిగొచ్చేదేగా, ఒక్క పూట వీడి మొహం మాడితే చూడాలి అనుకున్నాడు. పేల్చే మీట నొక్కేశాడు. ముందున్న నౌక పెనం మీద నీటిచుక్కలా చిట్లిపోయింది.

"దొంగలు! ఎవడో దొంగ వెధవ!" బావ అవసరానికి మించి అరిచాడు.

బావమరిది మోటారు వాసన చూసేటప్పటిలా మొహం తెర దగ్గరికి పెట్టాడు. శకలాల్లో తోక వైపు గుండ్రంగా కన్నం. తోక వెనక ఉన్నది ఒకే ఒక్క నౌక.

ఆట అడిగింది: చుట్టుపక్కల శత్రువు జాడ లేదు, పేల్చింది నీ జట్టువాడా, నువ్వేనా? జట్టువాడంటే ఇంజనుతో సహా అమర్చుకున్నవన్నీ వారంటీ కింద తిరిగొస్తాయి, పేల్చినవాడి నౌక జప్తు. తన తప్పే అంటే ఇన్సూరెన్స్ ఇచ్చేది ఉత్త డొల్ల.

జీవితకాలమన్న మాట దగ్గరే ఇన్నాళ్ళూ బావ కళ్ళు ఆగిపోయాయి. ఆ తర్వాతి ముక్క చదవనేలేదు.

"తీగకే గ్యారంటీ, బేరింగుకి కాదు," అన్నాడు బావమరిది మెల్లగా. "మన కొట్లో మనం చెప్పేదే కదా బావా."

'నా తప్పే' అన్నచోట నొక్కాడు. బొచ్చు పీకిన కోడిలా బోసి నౌక వచ్చి నిలబడింది.

"అదేంట్రా! జట్టువాడని చెబితే..." బావ నసిగాడు.

"ఎవరి పేరు చెప్పమంటావు?"

"తింటారా, ఆ చుక్కల్లోనే కాపురముంటారా?" కొట్టు వెనకే ఉన్న వంటింట్లోంచి ఇంటావిడ కేకేసింది.

పీటల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. ఇప్పుడు ఇద్దరిలో మంచి నౌక బావదే. ఎన్నాళ్ళుగానో కోరుకున్నదదే. కానీ ఆ ఒక్క నొక్కుతో వాడు మళ్ళీ ఓ మెట్టు పైకెక్కి కూర్చున్నాడు. దాన్నీ ఓర్వలేకపోయాడు బావ.

ఎప్పట్లాగే ఆవిడ కూరగిన్నె ముందు తమ్ముడి దగ్గర పెట్టింది. వాడు దాన్ని బావ కంచం వైపు జరిపాడు. బావ తల ఎత్తకుండానే వడ్డించుకున్నాడు.