ముందు నోరు తెరిచినవాడు

ఎండలో కాగిన కంచు వాసన. దాని కింద రక్తం. దాని కింద, ఏటి ఒడ్డున మేమంతా తొక్కి నలిపిన అడవి పుదీనా...

యుద్ధం గెలిచిన రోజు ఇదే వాసన. పదకొండుసార్లు పీల్చాను. ఇది పన్నెండోది.

నేను ఎఖెలాస్ రాజుగారి దూతను. చేతిలో పాములు చుట్టిన కర్ర ఉన్నంతసేపు ఎంత పగవాడైనా నన్ను ముట్టుకోడు. నా గొంతు రెండు కొండల అవతలికి వినిపిస్తుంది. గొప్పలు చెప్పుకోవడం కాదు... సరే, గొప్పలే.

తండ్రి పోయేనాటికి ఎఖెలాస్‌కు పదిహేడేళ్ళు. మాకున్నది ఒక కొండ, కొన్ని మేకలు, మూడుచోట్ల కూలిన గోడ. పక్క ఊరివాళ్ళు వచ్చి మా ఆలివ్ చెట్లు నరికి, మా ముందునుంచే నవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఆయన ఏడవలేదు. తిట్టలేదు. గోడకు రాళ్ళు మోశాడు. భుజాలు ఒరుసుకుపోయేదాకా మోశాడు. రాజు మోస్తుంటే మేం చేతులు కట్టుకుని చూస్తామా?

మరుసటి వేసవికి మొదటి ఊరు గెలిచాం.

తర్వాత ఇంకోటి.

ఇంకోటి...

మంచులో కనుమ దాటించాడు. మాతోపాటు బార్లీ రొట్టె, ఉల్లిపాయ తిన్నాడు. నీళ్ళు అందరికీ చాలని రోజున ఆయన తాగలేదు. మా అందరి పేర్లూ తెలుసు, మా నాన్నల పేర్లూ తెలుసు. గెలిచిన ఊళ్ళో గుడి జోలికి పోనివ్వలేదు, బావి జోలికి పోనివ్వలేదు. ఇలాంటివాడి వెనక చచ్చిపోయినా పరవాలేదు అనిపించేది. చాలామంది చచ్చిపోయారు కూడా.

ప్రతి యుద్ధం చివరా ఒకటే తంతు. ఓడినవాళ్ళ దూత వస్తాడు. తల దించుకుని అంటాడు — "మా చనిపోయినవాళ్ళను మాకు ఇప్పించండి."

ఆ మాట అన్నవాడు ఓడినట్టు. అంతే. నేల ఎవరి కాళ్ళ కింద ఉన్నా సరే, ముందు అడిగినవాడు ఓడినట్టు. దేవుళ్ళు వినే మాట అది.

పదకొండుసార్లు విన్నాను. ఒక్కసారీ అనలేదు. మావాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. "బాబాయ్‌కి ఆ ఒక్క మాటా నోరు తిరగదురా." నిజమే, తిరగదు అనేవాణ్ణి, గడ్డం నిమురుకుంటూ.

ఈసారి కెరిన్న ఊరు. ఏటికి అవతల పసుప్పచ్చ రాతి గోడ. పొద్దుటినుంచి కొట్టుకున్నాం. మధ్యాహ్నానికి వాళ్ళు ఏరు దాటి పారిపోయి తలుపులు వేసుకున్నారు. వాళ్ళ శవాలు నలభై, మా ఒడ్డునే పడి ఉన్నాయి.

గెలుపు గుర్తు నిలబెట్టాలి. ఓక్ చెట్టు మొద్దు పాతి, దానికి వాళ్ళ శిరస్త్రాణం, డాలు తొడుగుతాం. దానికి ముందు మా శవాలను వరసగా పడుకోబెట్టి, పేర్లు చదివి చూడాలి. అది నా పని. ముందే ఎందుకంటే, మొద్దు పాతాక, శవాలన్నీ మట్టిలోకి పోయేదాకా ఆ నేలమీద ఎవరూ ఆయుధం ఎత్తకూడదు; అవతల ఉండిపోయినవాణ్ణి అడిగే తెచ్చుకోవాలి.

రాజు అడిగాడు. "మనవాళ్ళు అందరూ ఉన్నారా?"

నాకు ఆకలిగా ఉంది. కాళ్ళు లాగుతున్నాయి.

"ఉన్నారు" అన్నాను.

మొద్దు పాతారు. నేను నా గొంతంతా పెట్టి గెలుపు చాటాను.

అప్పుడొచ్చింది అర్కిప్పె. మా ఊరి ముసలావిడ. కొడుకు పడ్డాడని విని, కడగడానికి నీళ్ళ కుండ, నూనె బుడ్డి పట్టుకుని కొండ దిగి నడిచొచ్చింది. వరసలో ఒక్కో మొహం చూసుకుంటూ పోయింది. చివరిదాకా పోయి వెనక్కొచ్చింది.

"పెద్దాయనా, మా తెల్లియాస్ ఏడీ?"

ఏటి అవతలికి చూశాను.

తెల్లియాస్ చెప్పులు కుట్టేవాడు. సగం సైన్యం వాడి చెప్పులమీదే నడిచింది. నా కాళ్ళకున్నవీ వాడు కుట్టినవే. పారిపోయేవాళ్ళ వెంటపడి ఒక్కడే ఏరు దాటాడట. కెరిన్న గోడ కింద బోర్లాపడి ఉన్నాడు. ఇక్కణ్ణుంచి కనిపిస్తున్నాడు.

మొద్దు పాతకముందు చూసి ఉంటే నలుగురు పరుగెత్తి ఎత్తుకొచ్చేవాళ్ళు. ఇప్పుడిక అడగాలి.

గోడమీదివాళ్ళకూ అది అర్థమైంది. వాళ్ళ దూత రాలేదు. వాళ్ళ నలభైమందీ మా దగ్గర, మావాడు ఒక్కడూ వాళ్ళ దగ్గర. ముందు ఎవరు నోరు తెరుస్తారో చూద్దామని పంతం పట్టారు.

ఒక పగలు గడిచింది.

రెండో పగలు... కాకులు దిగాయి.

అర్కిప్పె ఏటి ఒడ్డున కూర్చుని కాకులమీదికి రాళ్ళు విసురుతోంది. ఏ రాయీ సగం ఏరు కూడా దాటట్లేదు. నీళ్ళలో పడుతోంది. మళ్ళీ ఏరుకుంటోంది. మళ్ళీ విసురుతోంది.

సేనాపతులు రాజు చుట్టూ చేరారు. "ఒక్క చెప్పులవాడి కోసమా? మీరు అడిగారని తెలిస్తే పదకొండు ఊళ్ళూ రేపే ఎదురు తిరుగుతాయి."

అబద్ధం కాదు. అన్నీ నిజాలే.

రాజు వాళ్ళమధ్యనుంచి లేచాడు. వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

ఆవిడ తలెత్తలేదు. ఒక రాయి ఆయన చేతికిచ్చింది. "నాకు అందట్లేదు నాయనా. నీ చెయ్యి బలమైంది కదా... నువ్వు విసురు."

విసిరాడు. పన్నెండు యుద్ధాలు చేసిన చెయ్యి. రాయి అవతలి ఒడ్డుకు కాస్త ఇవతలే నీళ్ళలో పడింది. కాకులు కదల్లేదు.

ఆయన నా వైపు తిరిగాడు. "వెళ్ళి అడుగు."

"తప్పు నాది" అన్నాను. "నన్ను శిక్షించండి, అంతేగాని..."

"తెలుసు. నిన్ననే తెలుసు. వెళ్ళి అడుగు. నా పేరు చెప్పి అడుగు."

నిన్ననే తెలుసట. ఒక్క మాట అనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఏట్లో దిగాను. తెల్లియాస్ కుట్టిన చెప్పుల్లోకి నీళ్ళొచ్చాయి. గోడ కింద నిలబడ్డాను. పైన ఊరంతా ఉంది, ఎవరూ నవ్వట్లేదు.

"మా చనిపోయినవాణ్ణి మాకు ఇప్పించండి." రెండు కొండలు దాటే గొంతు... గోడ పైదాకా కూడా పోలేదు.

"ఏంటి? వినబడలేదు" అన్నాడు పైనుంచి వాళ్ళ దూత.

మళ్ళీ అన్నాను. ఈసారి అందరికీ వినిపించేలా అన్నాను.

"అడుగుతున్నది ఎవరు?"

"ఎఖెలాస్ రాజు."

"ఎంతమందిని?"

"ఒక్కణ్ణి."

 తర్వాత తలుపు తెరుచుకుంది. సైనికులు కాదు వచ్చింది — ఆడవాళ్ళు. కుండలతో, బట్టలతో, పరుగు పరుగున. ముసలివాళ్ళు, బాలింతలు. రెండు రోజులుగా ఆ తలుపు వెనకే నిలబడి ఉన్నారని అప్పుడర్థమైంది. నన్ను దాటుకుని ఏట్లో దిగారు, వాళ్ళ నలభైమంది కోసం. మొలలోతు నీళ్ళలో ఎఖెలాస్ నిలబడి, జారిపోతున్నవాళ్ళకు చెయ్యి అందిస్తున్నాడు. ఆయనెవరో వాళ్ళు చూడను కూడా లేదు.

నేను తెల్లియాస్‌ను భుజాన వేసుకుని వచ్చాను.

సాయంత్రానికి అవతలి ఒడ్డున వాళ్ళు తమ గెలుపు మొద్దు పాతుకున్నారు. మా సేనాపతుల్లో ఇద్దరు చెప్పకుండానే గుడారాలు విప్పుకుని వెళ్ళిపోయారు. పదకొండు ఊళ్ళ మాట ఇక దేవుళ్ళకే తెలియాలి. పన్నెండు యుద్ధాల్లో నాకు మాత్రం నా రాజు అంత ఎత్తుగా ఎన్నడూ కనబడలేదు.

అర్కిప్పె కొడుకును కడుగుతోంది. పక్కనే రాజు మోకాళ్ళమీద కూర్చుని కుండ వంచి నీళ్ళు పోస్తున్నాడు. ఆవిడ వాడి మొహం కడిగింది, ఛాతీ కడిగింది. పాదం దగ్గరికొచ్చి ఆగింది.

"ఇంకా ఎన్ని ఊళ్ళున్నాయి నాయనా?"

ఎత్తిపొడుపు కాదు. తెలుసుకుందామనే అడిగింది. కొడుకు పాదం చేత్తో పట్టుకుని, ఆయన మొహంలోకి చూస్తూ ఉంది.

ఎఖెలాస్ నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.