అరిగిపోయిన ఒలీటా పాట

పెనం మీద పంది మాంసం చిటపటలాడుతుండగానే ఒలీటా రెండో చేత్తో గుడ్లు కొట్టింది. రాత్రి పాళీ దిగిన బొగ్గు కార్మికులు ఒక్కొక్కరే హోటల్లోకి వస్తున్నారు. దగ్గును బట్టే ఎవరు వచ్చారో ఆమెకు తెలిసిపోతుంది.

వాళ్లలో ఒకడైన బర్ల్ కూర్చోకముందే జ్యూక్‌బాక్స్ అనే పాటల పెట్టెలో నాణెం వేసి మీట నొక్కాడు. ముందు గరగర, ఆ వెనక ఒలీటా గొంతు. పన్నెండేళ్ల కిందటి గొంతు.

"మళ్లీ నేనేనా? కెంటకీలో ఇంకో మనిషే దొరకలేదా?" అంది వంటగదిలోంచి.

"నువ్వు పాడితేనే గ్రేవీకి ఉప్పు సరిపోతుందక్కా."

అప్పట్లో ఆమె తమ్ముడి గిటారు పట్టుకుని, బస్సెక్కి, నది దాటి సిన్సినాటి నగరం వెళ్లి ఒక్క మధ్యాహ్నంలో పాడి వచ్చిన రెండు పాటలు. రికార్డుకు అటొకటి, ఇటొకటి. ఆ రికార్డు కంపెనీ ఏడాది తిరక్కుండానే మూతపడింది. ఒలీటా పాడొచ్చిన మర్నాడే మళ్లీ పెనం ముందుకొచ్చింది.

జ్యూక్‌బాక్స్‌లో తక్కువ మోగిన రికార్డును తీసేయడం డెల్మర్ పని. అతను వచ్చే వారమంతా కార్మికులు పంతం పట్టి ఆమె పాటే మోగించేవాళ్లు. ఈరోజూ అతను వచ్చి పెట్టె తెరిచాడు. రికార్డు తీసి, తల అడ్డంగా ఊపాడు.

"దీన్ని తీసెయ్యాలక్కా."

"లెక్క చూశావా? దీన్ని మించి మోగింది లేదు," బర్ల్ లేచాడు.

"అందుకేరా అరిగింది. సూది నిలవట్లేదు. కాపాడదామని మీరే చంపారు."

ఒలీటా చేతులు తుడుచుకుని వచ్చి, రికార్డును వెలుతురుకు ఎత్తింది. దానిమీది నల్లటి గాడులు బూడిదరంగు తిరిగాయి.

"ఇన్నిసార్లు విన్నారన్నమాట," అంది. ఆమె ముఖంలో బాధ లేదు.

"ఇంకోటుంటే ఇవ్వు. పెట్టె మీద నీ పేరు చీటీ అలాగే ఉంచుతా," అన్నాడు డెల్మర్.

"కంపెనీవాళ్లు అమ్ముడుపోనివి పెట్టెడు నీకే పంపారుగా అక్కా?" బర్ల్ అడిగాడు.

"పంపారు. సాయంత్రం ఇద్దరూ రండి. తీసుకెళ్లగలిగితే తీసుకెళ్దురు."

"అంత బరువా?"

"మోసేవాడికే తెలుస్తుంది."

తనలో తనే నవ్వుకుంటూ గిన్నెలు తోమింది. ఎవరూ ఎన్నడూ నొక్కని రెండోవైపు పాటను కూనిరాగం తీసింది. ఏప్రన్ మేకుకు తగిలించి ఇంటిదారి పట్టింది. వంతెన దగ్గర ఒక్కసారి ఆగి, ఎడమ భుజం రుద్దుకుని, కొండ ఎక్కింది.

సాయంత్రం వాళ్లిద్దరూ వెళ్లేసరికి ఆమె వరండాలో కుర్చీలో ఉంది. చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని. ఒళ్లో ఖాళీ నీళ్ల మగ్గు.

"అక్కా," అన్నాడు బర్ల్. దగ్గరికెళ్లి మళ్లీ పిలిచాడు. తర్వాత ఆమె నాడి పట్టి చూసి, టోపీ తీసేశాడు. పొద్దున వాళ్లను ఆటపట్టించినప్పటి నవ్వు ఆమె పెదాల మీద ఇంకా ఉంది.

బర్ల్ ఫోను కోసం కిందింటికి పరుగెత్తాడు. ఎటు చూడాలో తెలియక డెల్మర్ పిట్టగోడ వైపు చూశాడు. దానిమీద వరసగా చిన్న నల్లటి పూలకుండీలు. అంచులు అలలు అలలుగా మడతలు పడి ఉన్నాయి. అన్నిట్లోనూ ఊదారంగు పూలు. జీవితమంతా రికార్డులు మోసినవాడు. అవేమిటో చూడగానే తెలిసింది. రికార్డులే, పొయ్యి వేడికి మెత్తబరిచి, బోర్లించిన గిన్నె మీద వేసి ఒత్తినవి.

చివరిదాన్ని ఎత్తాడు. అడుగున, రికార్డు నడుమ అంటించిన ఎర్ర కాగితం మీద ఒలీటా పేరు. నడిమి చిల్లుకు అడ్డం పెట్టిన గులకరాయి పక్కనుంచి, ఇందాక పోసిన నీళ్లు చుక్కలు చుక్కలుగా అతని బూటు మీద పడుతున్నాయి.