బరువు తక్కువ బావ

ఆ ఏడు మా లోయలో మంచు ఆలస్యంగా పడింది కానీ అసూయ మాత్రం నవంబరులోనే పడింది. అదీ ఎక్కడో కాదు, ఒకే ఇంటి మీద, బావకీ బావమరిదికీ మధ్య.

బావ పేరు యెర్నెయ్. మా స్లొవేనియా జట్టులో ఎనిమిదేళ్ళుగా స్కీ జంపరు. కొండ నెత్తిన కట్టిన జారుడు వాలు మీంచి దూసుకొచ్చి, అంచున కాళ్ళు విదిల్చి, రెండు పొడవాటి స్కీల మధ్య గాలి మీద బోర్లా పడుకోవాలి. ఎంత దూరం పోయి వాలితే అంత గొప్ప. బావమరిది లోవ్రో, యెర్నెయ్ భార్య నేజాకి తమ్ముడు. వాడు బడికెళ్ళే వయసులో చిన్న కొండ మీద నిలబెట్టి, మోకాళ్ళు వంచి, "భయపడితే పడతావు, భయపడకపోతే ఇంకాస్త దూరంగా పడతావు" అని చెప్పి వెనకనుంచి తోసింది యెర్నెయే. తోసినవాడు తోసినచోటే ఉన్నాడు. పడ్డవాడు పైకొచ్చాడు.

నేను జట్టు స్కీలకి మైనం పట్టించేవాణ్ణి. ఇద్దరి స్కీలూ నా బల్ల మీద పక్కపక్కనే పడుకునేవి. అవి ఏనాడూ పోట్లాడుకోలేదు.

ఫిన్లాండులో మొదటి పోటీకే లోవ్రో ముందువరసలోకి వచ్చాడు. యెర్నెయ్ వాడి వీపు తట్టాడు, కాస్త గట్టిగానే. డిసెంబరులో కుర్రాడు ఏకంగా బహుమతి పీఠమెక్కాడు. ఇదంతా ఎవరు నేర్పారయ్యా అని టీవీవాళ్ళు అడిగితే, మా బావ అన్నాడు. పుండు అక్కడ మొదలైంది. నా అంతట నేనే నేర్చుకున్నానని అనుంటే, కృతజ్ఞత లేని వెధవ అని ఒక తిట్టు తిట్టి యెర్నెయ్ హాయిగా నిద్రపోయేవాడు. ఈ కుర్రాడు అలాక్కాదు. బావ సంచీ మోస్తాడు, వ్యానులో ముందు సీటు బావకి వదులుతాడు, బావ కాఫీలో చక్కెర కూడా తనే కలుపుతాడు. తీపి ఎక్కువైతే చేదెక్కుతుందని వాడికెవరు చెప్పాలి?

"నాకు పెద్దరికం ఇస్తున్నాడు" అని యెర్నెయ్ నా దగ్గర గొణిగాడు. "పెద్దరికమంటే ఏంటనుకున్నావు ద్రాగో, పింఛనుకి ముందు కట్టే మొదటి వాయిదా."

కొత్త సంవత్సరం పోటీల్లో మొదటి విడత జంటలు జంటలుగా ఉంటుంది. జంటలో గెలిచినవాడు నేరుగా రెండో విడతకి వెళతాడు. దేవుడికి కూడా మావాళ్ళతో ఆడుకోవాలనిపించినట్టుంది, బావకి ఎదురుగా బావమరిదే పడ్డాడు. లోవ్రో అర పాయింటుతో గెలిచి, దేశమంతా చూస్తుండగా బావని కావలించుకుని సారీ చెప్పాడు. అర పాయింటుని భరించగలను కానీ ఆ పూర్తి సారీని భరించలేనన్నాడు యెర్నెయ్.

ఇంటికొస్తే ఫ్రిజ్జు తలుపు నిండా లోవ్రో ఫోటోలే, నేజా అంటించినవి. రొట్టెల కొట్టుకెళితే, మీరు లోవ్రో బావగారు కదూ అంది కొట్టావిడ. ఎనిమిదేళ్ళు ఆ కుర్రాణ్ణి యెర్నెయ్ బామ్మర్ది అన్న ఊరు, ఎనిమిది వారాల్లో నాలిక తిరగేసింది.

అప్పుడు మానేశాడు, తిండి. మా వృత్తిలో తేలికైనవాడు దూరం పోతాడన్నది అందరికీ తెలిసిన రహస్యం. అత్తగారు వేడివేడిగా ష్ట్రుక్లీ చుట్టి పెడితే, లోపలి జున్ను కెలికి, చుట్టు విప్పి, మళ్ళీ చుట్టి లేచిపోయేవాడు. కడుపుమంట ఉన్నవాడికి కడుపుకి వంటెందుకమ్మా అన్నాను నేను. నేజా నవ్వలేదు. ఇంట్లో ఎగిరేవాళ్ళు ఇద్దరు, ఆ ఇద్దరి బరువూ నేనొక్కదాన్నే మోస్తున్నాను ద్రాగో మావయ్యా అంది. నేను కాసేపు జోకులు ఆపుకున్నాను. నాకది పథ్యం లాంటిది.

చిక్కినందుకు ఫలితం దక్కింది. ఫిబ్రవరిలో సప్పోరోలో యెర్నెయ్ ఏడోవాడు, లోవ్రో పన్నెండోవాడు. పెళ్ళినాడు కూడా యెర్నెయ్ ముఖంలో అంత కళ చూళ్ళేదు నేను.

కానీ మా ఆటలో ఒక నియమముంది. కుర్రాళ్ళు ఎండి ఎముకలగూడు కాకూడదని పెట్టారు. మనిషి బరువు తగ్గితే స్కీల పొడవూ తగ్గించాలి. స్కీ పొట్టిదైతే గాలి ఆనదు, గాలి ఆనకపోతే ఎగిరినవాడు సంచీలా కిందికొస్తాడు. కోచ్ బోగ్దాన్ తూకం వేయించి చూశాడు. "ముక్క కోసుకుంటావో, మెక్కి వస్తావో నీ ఇష్టం. తనిఖీలో మాత్రం దొరక్కు" అన్నాడు.

యెర్నెయ్ తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి రెండు జతలూ గోడకి నిలబెట్టాడు. బావా బావమరిదీ ఒకే ఎత్తు మనుషులు, స్కీలూ ఒకే ఎత్తు. కోస్తే నావి వాడివాటి కన్నా పొట్టివవుతాయా అని అడిగాడు. అవుతాయి మరి, కోస్తే పెరగడానికి అవేమన్నా గోళ్ళా అన్నాను. అయితే వద్దు, తింటానని కోచ్‌కి చెప్పేశాడు.

తినలేదు. తాగాడు. ఎగిరి దిగాక వేసే తూకం కోసం ముందే సీసాలకొద్దీ నీళ్ళు పట్టించడం మావాళ్ళకి కొత్త కాదు. కడుపు చెరువైతే కాటా ఒప్పుకుంటుంది.

మార్చిలో ఆఖరి పోటీలు, మా ప్లానిత్సాలోనే. జట్ల పోటీకి నలుగురే ఎగరాలి. ముగ్గురి పేర్లు ముందే తెలుసు. నాలుగో చోటు కోసం యెర్నెయ్ చలికాలమంతా కడుపు మాడ్చుకున్నాడు. సొంత కొండ, సొంత జనం, బహుశా ఇదే ఆఖరిసారి. కోచ్ అతని పేరే చెప్పాడు. ఆ సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు. ఎగిరే వరసలో యెర్నెయ్ మూడోవాడు, లోవ్రో ఆఖరివాడు. మా ఆటలో ఆఖరివాడే అందరికన్నా గొప్పవాడు.

రెండో విడతకి మేం రెండో స్థానంలో ఉన్నాం. యెర్నెయ్ రెండు సీసాల నీళ్ళు తాగి, మా గదిలో కాటా ఎక్కితే, ముల్లు సరిగ్గా ఉండాల్సినచోట ఉంది. పైకెళ్ళాడు. ఎగిరేముందు వాళ్ళు విప్పే కోట్లు అందుకోవడానికి నేనూ వెళ్ళాను. సరిగ్గా అతని వంతుకి గాలి లేచింది, ఎర్రదీపం వెలిగింది. అందరూ ఆగారు. నీళ్ళు మాత్రం ఎర్రదీపాన్ని లెక్కచేయవు. యెర్నెయ్ ఒంటికాలి మీద నిలబడ్డాడు, కాలు మార్చాడు, కళ్ళు మూసుకున్నాడు. గాలి ఎంతకీ తగ్గలేదు. చివరికి మెట్ల వెనక గదిలోకి పరిగెత్తి, ముఖం విప్పారి తిరిగొచ్చాడు.

"ఇప్పుడు తేలిగ్గా ఉంది" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపల పచ్చదీపం వెలిగింది, కింద బోగ్దాన్ జెండా విదిల్చాడు, మనిషి వెళ్ళిపోయాడు.

అలా ఎగరడం నేనెప్పుడూ చూళ్ళేదు. గాలి అతణ్ణి వదలబుద్ధికాక మోసుకుపోయింది. రెండు వందల ముప్పై ఆరు మీటర్లు, జన్మలో అదే ఎక్కువ. కింద బూరాలు మోగాయి. యెర్నెయ్ జనం వైపు చూడలేదు, తల ఎత్తి పైన నిలబడ్డ లోవ్రో వైపు చూశాడు.

తర్వాత తనిఖీ గదిలోకి పిలిచారు. కాటా మీద ఒక గ్లాసెడు నీళ్ళంత తక్కువొచ్చింది. మైకులో చెప్పేశారు, ఆ ఎగురుడు చెల్లదని. బరువు తగ్గితే పరువు పెరుగుతుందనుకున్నవాడికి రెండూ ఒకే కాటా మీద పోయాయి. లోవ్రో ఆ ప్రకటన పైనుంచే విన్నాడు. పళ్ళు బిగించి, రెండు వందల నలభై దాటి ఎగిరాడు. అయినా మా జట్టు ఐదో స్థానం దగ్గర ఆగిపోయింది.

నేను దిగొచ్చేసరికి యెర్నెయ్ మైనం గదిలో బల్ల పక్కన కూలబడి ఉన్నాడు. లోవ్రో వచ్చాడు, వెనకే నేజా. ఇప్పుడు వీడు, పర్లేదు బావా అంటాడు, ఈయన అక్కడికక్కడే చస్తాడు అనుకున్నాను. యెర్నెయ్ కూడా ఆ మాట కోసమే మెడ వంచుకుని కూర్చున్నాడు.

లోవ్రో హెల్మెట్ తీసి నా బల్ల మీద విసిరికొట్టాడు.

"చలికాలమంతా ముద్ద ముట్టలేదు. ఇవాళ ఒక్క గుక్కలో నా పతకం మింగేశావు."

"ఒరేయ్, బావతో మాట్లాడే తీరేనా అది?" అంది నేజా.

"నువ్వు ఊరుకో అక్కా. పెద్దవాడు, నొచ్చుకుంటాడు, గౌరవించు, సంచీ మొయ్యి అని చెప్పావు. మోశాను. ఈయన నన్ను దాటిపోతే నాకు ఒళ్ళు మండదనుకున్నావా? సప్పోరోలో రాత్రంతా గోడకేసి చూస్తూ పడుకున్నాను."

యెర్నెయ్ మెల్లగా తలెత్తాడు.

"సప్పోరోలో నిద్ర పట్టలేదా?"

"లేదు."

"అసలు పట్టలేదా, కాస్త పట్టిందా?"

"పో బావా."

యెర్నెయ్ ముఖం చూసి నేజా బెదిరింది, మనిషికి మతి తప్పిందేమోనని. నవ్వుతున్నాడు మరి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా.

"ఈ ముక్క ముందే చెప్పుంటే నీ సొమ్మేం పోయేదిరా" అన్నాడు. "నా మీద ఏడ్చేవాడు ఒక్కడూ లేడనుకుని, అందరి వంతూ నేనే ఏడ్చాను."

పతకం పోయిన సంగతి పోయినట్టే ఉంది. మిగతా ఇద్దరు కుర్రాళ్ళూ ఆ రోజు యెర్నెయ్‌తో మాట్లాడలేదు. వాళ్ళ తప్పేం లేదు. మర్నాడు ఆదివారం, ఎవరికి వారు ఎగిరే పోటీలో కోచ్ అతణ్ణి ఎగరనివ్వలేదు.

కంచె దగ్గర నాతోపాటు నిలబడి చూశాడు. లోవ్రో గాల్లోకి లేచేసరికి, దిగు, దిగు, ఇక దిగరా అని సణిగాడు. పక్కనున్నవాళ్ళు అది దీవెన అనుకున్నారు. లోవ్రో పీఠానికి ఒక్క మెట్టు దూరంలో నాలుగోవాడయ్యాడు. యెర్నెయ్ తన నవ్వు దాచుకోలేదు. కుర్రాడు అది చూశాడు. వచ్చే ఏడు చెబుతా నీ పని అన్నట్టు స్కీ కర్ర ఆడిస్తే ఎలా ఉంటుందో, అలా వేలు ఆడించాడు, మా ఆటలో కర్రలుండవు కాబట్టి.

నేజా వేడి సాసేజీ, ఆవపచ్చడి, రొట్టె పట్టుకొచ్చింది. తమ్ముడికని తెచ్చిందట. యెర్నెయ్ కాగితం పళ్ళెం ఆమె చేతిలోంచి లాక్కుని, లోవ్రో వైపే చూస్తూ, ముక్క మిగల్చకుండా తిన్నాడు.